రెండు నెలల అడ్వాన్సు, ఒక కుటుంబం

బోడుప్పల్‌లో మా మామగారి ఇంటి పై పోర్షన్ పోయిన వేసవిలో ఖాళీ అయింది. ఆయన వీధి చివరి దుకాణానికి వెళ్లి ఒక టు-లెట్ బోర్డు కొనుక్కొచ్చారు. ఖాళీ గీత మీద నల్ల మార్కరుతో ఫోను నంబరు రాశారు. రాసి, ఒక్క క్షణం ఆలోచించి, కింద మిగిలిన జానెడు చోటులో 'ఫ్యామిలీకి మాత్రమే' అని చేర్చారు. ఆయన దాన్ని గేటు పైన బిగిస్తుంటే స్టూలు కదలకుండా పట్టుకున్నవాణ్ణి నేను. కట్టడానికి తీగ అందించింది కూడా నేనే.

2013లో సరిగ్గా ఆ రెండు మాటల కింద నిలబడి నేనూ నా ఇద్దరు స్నేహితులూ ఎస్సార్ నగర్ నుంచి బోరబండ దాకా, అక్కడి నుంచి మోతీనగర్ దాకా గేటు గేటుకూ తిరిగాం. ఒకడిది కోదాడ, ఒకడిది కర్నూలు, నాది సూర్యాపేట. ముగ్గురికీ ఉద్యోగాలున్నాయి, చేతిలో అడ్వాన్సు ఉంది. ఇల్లు మాత్రం దొరకలేదు. ఆ రోజుల్లో ఇంటి ఓనర్లంటే నాకు ఒకే ఒక అభిప్రాయం ఉండేది, అది అచ్చు వేయదగ్గది కాదు. ఇప్పుడు గేటుకు లోపలి వైపు నుంచి చూస్తుంటే ఆ రెండు మాటల్లో నాలుగైదు భయాలు చిక్కుపడి కనబడుతున్నాయి. కొన్నిటికి కారణం ఉంది. కొన్నిటికి కారణం ఉందన్న నమ్మకం ఉంది. మిగిలినవి భయాలే కావు, భయం ముసుగు వేసుకున్న పాత సంగతులు. ఏది ఏదో విడదీసి చూద్దాం.

ముందు ఆ సంభాషణ ఎలా సాగుతుందో గుర్తు చేసుకోవాలి. "ఎంతమంది ఉంటారు బాబూ? ఏం చేస్తారు? సొంత ఊరు ఎక్కడ? ఊళ్లో అమ్మానాన్నలు ఏం చేస్తారు? ఇంటి పేరేమిటి? మాంసం తింటారా?" పెళ్లిచూపుల్లోనైనా జీతం సంగతి మధ్యలో వస్తుంది, ఇక్కడ అద్దె మాట ఆఖర్న వస్తుంది. పై ప్రశ్నలన్నీ దాటినవాడికే అద్దె ఎంతో చెబుతారు. డబ్బు చేతులు మారే వ్యవహారంలో డబ్బును చివరికి నెట్టారంటే, అమ్మేవాడు డబ్బు కంటే ముఖ్యమైనదేదో కొలుస్తున్నాడన్నమాట.

ఆ అమ్మేవాడు ఎవరో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. మా మామగారు లైన్‌మన్‌గా చేరి ముప్పై నాలుగేళ్లు పని చేశారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బూ, బ్యాంకు అప్పూ కలిపి కింద ఒకటి, పైన ఒకటి కట్టారు. పై పోర్షన్ అద్దె ఆయనకు రెండో పింఛను. ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, మల్కాజిగిరి, ఏ కాలనీలో చూసినా ఇలాంటి వాళ్లే ఎక్కువ. కింద ఓనరు, పైన అద్దెకున్నవాళ్లు, ఇద్దరికీ ఒకే గేటు, ఒకే సంపు, ఒకే మోటారు, ఒకే మెట్లు. ఇళ్లు అద్దెకిచ్చే కంపెనీ ఏదైనా ఉంటే అది అద్దె సమయానికి వస్తుందా లేదా అన్నది ఒక్కటే చూస్తుంది. ఈయన మాత్రం పొద్దున్నే లుంగీతో పళ్లు తోముకుంటూ పెరట్లో నిలబడితే మెట్ల మీద నుంచి ఎవరు దిగి వస్తారన్నది కూడా చూడాలి. ఆయన అద్దెకిస్తున్నది ఇల్లే అయినా, పక్కన ఉండబోయే మనిషిని కూడా ఎంచుకుంటున్నారు. ఈ ఒక్క విషయంలో ఓనర్ల మీద నా కోపం కొంత తగ్గింది, పూర్తిగా కాదు.

ఇక అడ్వాన్సు సంగతి. హైదరాబాద్‌లో మామూలు ఇంటికి రెండు నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని అందులోంచి ఒక నెల కోసేస్తారు, అది వేరే గొడవ. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు అడిగే అలవాటు చాలాకాలం ఉండేది. పది నెలల డబ్బు చేతిలో ఉన్న ఓనరుకు అద్దెకొచ్చినవాడు ఎగ్గొట్టినా, గోడలు పాడు చేసినా, చెప్పకుండా వెళ్లిపోయినా ధీమా ఉంటుంది. రెండు నెలల డబ్బుతో ఆ ధీమా రాదు. మిగిలిన ఎనిమిది నెలల పూచీ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

కుటుంబం నుంచి. భార్య, ఇద్దరు పిల్లలు, పక్క వీధిలో పిల్లల బడి, గ్యాసు కనెక్షను, బీరువా, ఫ్రిజ్జు, వీటన్నిటితో దిగినవాడు రాత్రికి రాత్రి మాయం కాలేడు. బడి మధ్యలో పిల్లల్ని మార్చలేడు. పక్కింటివాళ్ల ముందు పరువు పోగొట్టుకోలేడు. సూట్‌కేసు, చాప, ప్లాస్టిక్ బకెట్ ఉన్న ముగ్గురు కుర్రాళ్లు ఆటో పిలిస్తే అరగంటలో ఖాళీ. కాబట్టి 'ఫ్యామిలీ' అన్నమాట నైతికంగా వినిపించినా లోపల అది జామీను. అడ్వాన్సులో తక్కువైన భాగాన్ని మనుషుల రూపంలో జమ చేయించుకోవడం.

ఈ లెక్క అన్నిటినీ విప్పుతుందనుకుంటే పొరపాటే. అంత అడ్వాన్సు తీసుకున్న బెంగళూరులోనూ బ్యాచిలర్స్ తిప్పలు పడ్డారు కదా? పడ్డారు. అంటే డబ్బు భయం తీరినా మిగిలిపోయే భయం ఇంకేదో ఉంది.

వాటిలో పెద్దది, దిగినవాడు మళ్లీ లేవడన్న భయం. దీని చుట్టూ అల్లుకున్నన్ని అపోహలు ఇంకే విషయం చుట్టూ ఉండవేమో. మా మామగారి స్నేహబృందంలో అందరూ నమ్మే సూత్రం ఒకటుంది: పన్నెండేళ్లు వరసగా ఉంటే ఇల్లు అద్దెకున్నవాడిదైపోతుంది. ఇది 1963 నాటి కాలపరిమితి చట్టంలోని ఒక ముక్క దారి తప్పి చెవిన పడటం వల్ల పుట్టింది. ఓనరు హక్కును కాదని, బహిరంగంగా, పన్నెండేళ్లు స్థలాన్ని ఆక్రమించుకుని ఉన్నవాడి గురించిన మాట అది. అద్దెకున్నవాడు ఓనరు అనుమతితోనే ఉంటున్నాడు, నెలనెలా అద్దె ఇస్తూ ఆ ఇల్లు తనది కాదని తానే ఒప్పుకుంటున్నాడు. అద్దె ఒప్పందం నడుస్తున్నంతకాలం పన్నెండేళ్లు కాదు, ముప్పై ఏళ్లున్నా ఆ ఇల్లు అతనిది కాదు.

రెండో అపోహ పదకొండు నెలల కాగితం. పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని అడగండి. "ఏడాది దాటితే హక్కులొచ్చేస్తాయి" అంటారు. అసలు కారణం ఇంత గంభీరమైనది కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అసలు పాఠం ప్రకారం ఏడాది దాటిన గడువుకు, లేదా ఏడాదికేడాది సాగేలా రాసుకున్న లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. పదకొండు నెలలకు రాసుకుంటే ఆ ఖర్చు, ఆఫీసు చుట్టూ తిరిగే శ్రమ తప్పుతాయన్న లెక్కతో పుట్టిన అలవాటు ఇది. 1999లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో ఇక్కడ లీజులన్నిటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరైనా ఆ అలవాటు పోలేదు. అంతకుమించి ఆ సంఖ్యలో మహిమ లేదు.

మూడోది మరీ విచిత్రం. ఓనర్ల భయమంతా 1960లో ఆంధ్రప్రదేశ్ చేసిన అద్దె నియంత్రణ చట్టం నుంచి వచ్చింది. ఇప్పుడది తెలంగాణ పేరుతో నడుస్తోంది. అద్దె పెంచాలన్నా, ఖాళీ చేయించాలన్నా ఆ చట్టం ఓనరు చేతులు గట్టిగానే కట్టింది. అద్దె ఎగ్గొట్టడం, వేరేవాళ్లకు అద్దెకివ్వడం, ఓనరుకు సొంత అవసరం రావడం, ఇలా లెక్కబెట్టిన కారణాలుంటే తప్ప లేపకూడదంది. అబిడ్స్‌లో, సికింద్రాబాద్ పాత బజారులో తాతల కాలం నాటి అద్దెకు నడిచిన దుకాణాల కథలు అక్కడివే. అయితే 2005లో ఆ చట్టాన్ని సవరించి, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లను దాని నుంచి తప్పించారు. ఇవాళ హైదరాబాద్‌లో 3,500కు వచ్చేది బహుశా ఒంటి గదీ, బయట బాత్‌రూమూ. రెండు పడకగదుల ఇల్లు అద్దెకిస్తూ ఆ చట్టానికి భయపడుతున్న ఓనరు, తన ఇంటికి వర్తించని చట్టానికి భయపడుతున్నాడు. ఆయన ఇంటికి వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నెలనెలా సాగే అద్దెకు అందులో పదిహేను రోజుల నోటీసు చాలు.

మరి భయం ఉత్తదేనా? కాదు. నోటీసు పదిహేను రోజులే, కాని నోటీసుకు కదలనివాడి మీద సివిల్ కోర్టుకు వెళితే పట్టే కాలాన్ని రోజుల్లో లెక్కబెట్టరు. మా మామగారికి చట్టం తెలియకపోవచ్చు, కోర్టు మెట్లు బాగా తెలుసు. అన్నదమ్ముల పొలం గట్టు తగాదా ఒకటి ఆయన పెళ్లికి ముందు మొదలై మా పెళ్లి అయ్యాక ముగిసింది. అలాంటి మనిషి కాగితం కంటే మనిషి ముఖాన్ని నమ్ముకుంటాడంటే ఆశ్చర్యం ఏముంది? "ఇంటి పేరేమిటి" అన్న ప్రశ్నలో ఒక పాలు అదే. ఎవరి తాలూకో తెలిస్తే, రేపు తగాదా వస్తే ఎవరి చేత చెప్పించాలో తెలుస్తుంది. మిగతా పాళ్ల సంగతి తర్వాత.

ఇక 'బ్యాచిలర్స్ గుణం' అన్న పెద్ద విషయానికి వద్దాం. తాగుతారు, పాటలు పెడతారు, అర్ధరాత్రి వస్తారు, నీళ్లు పారబోస్తారు. దీన్ని తేల్చడానికి వాదన అక్కర్లేదు, నగరంలో నాలుగు చోట్ల నడిస్తే చాలు. అమీర్‌పేట మైత్రీవనం వెనక వీధుల్లో, ఎస్సార్ నగర్‌లో, మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో భవనానికి భవనం హాస్టళ్లే. అవన్నీ ఎవరో ఒకరు సొంతంగా కట్టుకున్న ఇళ్లు. మామూలు పోర్షన్ ముగ్గురు కుర్రాళ్లకు ఇవ్వడానికి జంకే ఓనరే, భవనం మొత్తాన్ని హాస్టల్ నడిపేవాడికి లీజుకిచ్చి నిశ్చింతగా ఉంటాడు. ఆ నడిపేవాడు గదికి ఐదుగురు చొప్పున అదే కుర్రాళ్లను నింపుతాడు. వాళ్ల గుణం రాత్రికి రాత్రి మారిందా? లేదు. వాళ్లకూ ఓనరుకూ మధ్య ఒక మనిషి వచ్చాడు. గొడవ పడితే అతను చూసుకుంటాడు, ఒకడు వెళ్లిపోతే మంచం ఖాళీగా ఉంచకుండా ఇంకొకణ్ణి తెస్తాడు, నెల కాగానే మొత్తం అద్దె తెచ్చి ఇస్తాడు. గుణం సమస్య అనుకున్నది నిర్వహణ సమస్యగా తేలింది.

అశోక్‌నగర్ చూడండి. చిక్కడపల్లి లైబ్రరీ చుట్టూ గ్రూప్స్ పరీక్షలకు చదివే వేలమంది కుర్రాళ్లూ ఆడపిల్లలూ ఉండే చోటు. అక్కడ ఓనర్లకు వేరే గిరాకీ లేదు. అక్కడి బోర్డుల మీద బ్యాచిలర్స్‌కు గదులు ఉన్నాయని రాసి మరీ పిలుస్తారు. బోడుప్పల్‌లో ప్రమాదకరమైన కుర్రాడు బస్సెక్కి అశోక్‌నగర్‌లో దిగేసరికి కోరుకున్న ఖాతాదారుడవుతాడు.

నీళ్ల వాదన గురించి రెండు ముక్కలు చాలు. వేసవిలో సంపు ఎండితే ట్యాంకరు తెప్పించాలి, ఆ డబ్బు ఎవరిస్తారన్న తగాదా నిజమైనదే. అయితే రోజంతా ఇంట్లో వండి, వార్చి, ఉతికి, పిల్లలకు నీళ్లు పోసే కుటుంబం కంటే పొద్దున వెళ్లి రాత్రి వచ్చే ముగ్గురు ఎక్కువ నీళ్లు వాడతారన్న లెక్క నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. తలకింత నీళ్ల చార్జీ అని నిర్ణయిస్తే తీరిపోయే తగాదా ఇది.

ఈ భయానికి సినిమా కూడా చాలా మేత వేసింది. మన హాస్య చిత్రాల్లో బ్యాచిలర్ గది అంటే బీరు సీసాలు, ఉతకని చొక్కాలు, మేడ మీద నుంచి ఓనరు కూతురికి విసిరే కాగితాలు. అద్దె ఇంటి కోసం స్నేహితుల్లో ఒకడికి చీర కట్టి భార్యగా చూపించే 'చిత్రం భళారే విచిత్రం' వచ్చి మూడు దశాబ్దాలు దాటింది, ఇప్పటికీ టీవీలో వస్తే అందరం నవ్వుతాం. ఆ నవ్వులో ఒక ఒప్పుకోలు ఉంది: కుర్రాళ్లకు ఇల్లు దొరకకపోవడం అందరికీ తెలిసిన సంగతి, కథకు పునాదిగా వేసుకోదగ్గంత సహజం. ప్రేమకథల్లో మేడ మీది కుర్రాడికీ ఇంటాయన కూతురికీ పెళ్లవుతుంది, ప్రేక్షకుడు చప్పట్లు కొడతాడు. అదే ప్రేక్షకుడు ఇంటికొచ్చి బోర్డు మీద 'ఫ్యామిలీకి మాత్రమే' అని రాస్తాడు. నా మామగారికి ఇద్దరు కూతుళ్లు. వాళ్ల పెళ్లిళ్లు అయ్యేదాకా పై పోర్షన్‌లో నలభై ఏళ్లలోపు మగవాడు ఒంటరిగా అడుగు పెట్టలేదు. ఈ సంగతి మా ఆవిడ చెప్పింది, కాస్త విచారంగానే.

కుర్రాళ్ల కష్టం సినిమాలో హాస్యమైనా అయింది, ఒంటరి ఆడవాళ్ల కష్టం అదీ కాలేదు. ఉద్యోగం చేసే అమ్మాయికి లేడీస్ హాస్టల్ ఉంది, అందులో రాత్రి తొమ్మిదిన్నరకో పదికో తాళం పడుతుంది. గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు చేసే మనిషి సంగతి ఆ తాళానికి ఏం తెలుసు? భర్త నుంచి విడిపోయి బిడ్డతో ఉంటున్నావిడ ఇల్లు అడగడానికి వెళితే "మీవారు ఎక్కడుంటారమ్మా?" అన్న ప్రశ్నకు జవాబు తయారు చేసుకుని వెళ్లాలి. నాకు తెలిసిన ఒక ఆమె మూడేళ్లుగా 'దుబాయ్‌లో ఉన్నారు' అన్న ఒక్క జవాబు మీద ఇల్లు నిలబెట్టుకుంటోంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒంటరి మహిళలకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలుపెట్టింది. అలాంటి వాళ్లు ఉన్నారని ప్రభుత్వం గుర్తించి కార్డు ఇచ్చింది. టు-లెట్ బోర్డు ఇంకా గుర్తించలేదు. దాని లెక్కలో మనుషులు రెండే రకాలు, ఫ్యామిలీ, బ్యాచిలర్స్. తల్లీ బిడ్డా కలిసి ఫ్యామిలీ ఎందుకు కాకూడదో ఎవరూ చెప్పరు.

ఇంతవరకూ చెప్పిన భయాలకు ఏదో ఒక మందు ఉంది. అడ్వాన్సు పెంచవచ్చు, కాగితం గట్టిగా రాసుకోవచ్చు, నీళ్లకు మీటరు పెట్టవచ్చు. ఇక మందు లేనిదాని దగ్గరికి వస్తున్నాం.

'శాకాహారులకు మాత్రమే' అన్న బోర్డు హైదరాబాద్‌లో అరుదేమీ కాదు. 2014 నమూనా నమోదు సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. దేశంలోనే అందరికంటే ఎక్కువ. దుకాణం పెట్టుకున్నవాడెవడూ వందమంది వస్తే తొంభై ఎనిమిది మందిని గేటు దగ్గరే ఆపే బోర్డు పెట్టుకోడు. ఈ ఓనర్లు పెట్టుకుంటున్నారంటే అది వాసన గురించిన బోర్డు కాదు. రెండు మూడు కులాల పేర్లు గోడ మీద రాయడం బాగుండదు గనుక, ఆ పేర్ల బదులు కూరల పేరు రాశారు. నిజంగానే కొందరికి మాంసం వాసన పడదు, ఒకే మెట్ల మీద ఉన్నప్పుడు ఇబ్బంది పడతారు, అది అబద్ధం అనను. అయితే అదే ఓనరు, అమెరికాలో ఉద్యోగం చేసి వచ్చిన మాంసాహారి కుటుంబం ఐదు వేలు ఎక్కువ ఇస్తానంటే కిటికీ తెరుచుకుని సర్దుకుపోవడం కూడా చూశాను.

ఇంటి పేరు ప్రశ్నలో ఒక పాలు పూచీ కోసమని ఇందాక చెప్పాను. మిగతా పాళ్లు ఇవి. తెలుగు నేల మీద ఇంటి పేరు, సొంత ఊరు, తండ్రి వృత్తి, ఈ మూడూ తెలిస్తే కులం అడగాల్సిన పని ఉండదు. ఇంకా అనుమానం మిగిలితే "మీరు ఏ పండగ పెద్దగా చేస్తారు?" అని నాలుగోది ఉంది. జవాబు విన్నాక 'ఇవ్వం' అని ఎవరూ అనరు. "అయ్యో బాబూ, పొద్దునే వేరేవాళ్లకు మాట ఇచ్చేశాం" అంటారు. రెండు వారాల తర్వాత అదే వీధిలో వెళితే అదే బోర్డు అదే చోట వేలాడుతూ ఉంటుంది.

మా కర్నూలు స్నేహితుడు ముస్లిం. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన కొన్ని వారాలకే మేం ఇల్లు వెతికాం. పేరు చెప్పిన చోటల్లా గేటు మూసుకుంది. మూడో ఆదివారానికి మేం ఒక ఏర్పాటుకు వచ్చాం. మేమిద్దరం లోపలికి వెళ్లి మాట్లాడతాం, వాడు వీధి మొదట్లో ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ ఉంటాడు. మోతీనగర్‌లో ఇల్లు దొరికింది. వాడు దిగిన నెలకు ఓనరుకు పేరు తెలిసింది. పాపం ఆయన ఖాళీ చేయమనలేదు, "ముందే చెప్పొచ్చు కదా" అని మాత్రం అన్నాడు. ముందే చెబితే ఇచ్చేవాడా? ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. మా స్నేహితుడు తర్వాత టోలిచౌకిలో ఫ్లాటు కొన్నాడు. అంత తొందరగా అప్పు ఎందుకు చేశావంటే, "ఇంకెవరికీ పేరు చెప్పుకోనక్కర్లేదు" అన్నాడు. పాతబస్తీ, మెహదీపట్నం, టోలిచౌకి వైపే ముస్లింలు ఎందుకు కలిసి ఉంటారని తేలిగ్గా ప్రశ్నించేవాళ్లు ఆ చాయ్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇదేమీ మా ముగ్గురి అనుభవం ఒక్కటే కాదు. సుఖదేవ్ థోరట్, మరికొందరు పరిశోధకులు ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనాన్ని 2015లో ప్రచురించారు. అగ్రకుల హిందువుల పేర్లతో, దళితుల పేర్లతో, ముస్లింల పేర్లతో ఇళ్ల కోసం ఫోన్లు చేశారు. మొదటివాళ్లను ఎవరూ కాదనలేదు. రెండోవాళ్లకు తిరస్కారాలు ఎదురయ్యాయి, మూడోవాళ్లకు ఇంకా ఎక్కువ.

చట్టం ఏమంటుంది? ఇక్కడే పెద్ద కంత ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం కుల మతాల పేరుతో వివక్ష చూపకూడదన్నది ముఖ్యంగా ప్రభుత్వానికి. పౌరులకు వర్తించే భాగంలో దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, రోడ్లు ఉన్నాయి. అద్దె ఇల్లు లేదు. 2005లో సుప్రీంకోర్టు, అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ గృహ సహకార సంఘం తమ మతస్థులకే సభ్యత్వం అని నియమం పెట్టుకోవడం చెల్లుతుందని తీర్పిచ్చింది. అంటరానితనం పేరుతో నివాసానికి అడ్డుపడటం మాత్రం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. కాగితం మీద అది గట్టి ఆయుధమే. కాని 'వేరేవాళ్లకు మాట ఇచ్చేశాం' అన్నవాడి మనసులో అంటరానితనం ఉందని ఠాణాలో ఎలా రుజువు చేస్తారు? అబద్ధం మర్యాదగా ఉన్నంతకాలం చట్టానికి దొరకదు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం గురించి ఆశగా మాట్లాడేవాళ్లున్నారు. ఇళ్లకు రెండు నెలలకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు, తగాదాలకు ప్రత్యేక అద్దె కోర్టులు, గడువు దాటినా ఖాళీ చేయనివాడు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్ల అద్దె కట్టాలి. నమూనా గనుక రాష్ట్రం సొంతంగా చట్టం చేసుకుంటేనే అమలు. చేస్తే మంచిదే, లేవడన్న భయం చాలావరకు పోతుంది. ఇంటి పేరు అడగకూడదని మాత్రం అందులో ఎక్కడా లేదు.

'ఫ్యామిలీ' అని రాసినవాళ్లు ఫ్యామిలీని అయినా పూర్తిగా తీసుకుంటారా అంటే, అదీ లేదు. చిన్న ఫ్యామిలీ కావాలి. ముసలి తల్లిదండ్రులుంటే ముఖం మారుతుంది. కారణం పైకి చెప్పరు, అందరికీ తెలుసు. అద్దె ఇంట్లో చావు జరగకూడదు. ధనిష్ఠా పంచకంలో పోతే ఇల్లు నెలల తరబడి మూసెయ్యాలన్న నమ్మకం మనలో గట్టిది, ఓనరుకు అది అక్షరాలా అద్దె నష్టం. మా పాత వీధిలో అద్దెకున్న ఒకాయన ఆసుపత్రిలో పోతే శవాన్ని ఇంట్లోకి తేవడానికి ఓనరు ఒప్పుకోలేదు. వీధి మలుపులో షామియానా వేసి, అక్కడే స్నానం చేయించి, అక్కడి నుంచే తీసుకెళ్లారు. ఆ కుటుంబం ఆ ఇంట్లో పదకొండేళ్లు ఉంది. పాలు పొంగించి దిగారు, పిల్లకు అక్కడే ఓణీల వేడుక చేశారు. పన్నెండేళ్లకు ఇల్లు సొంతమవుతుందని భయపడే నగరంలో, పదకొండేళ్లున్న మనిషికి గడప దాటి లోపలికి రావడానికి ఆఖరి రోజున అనుమతి లేదు. ఈ ఓనర్ల మనసును అర్థం చేసుకోవడానికి నేను చేసే ప్రయత్నం ఇక్కడికి వచ్చి ఆగిపోతుంది.

ప్రశ్నలన్నీ ఒకవైపు నుంచే రావడం ఇంకో విశేషం. అద్దెకొచ్చేవాడు ఆధార్ ఇవ్వాలి, కంపెనీ కార్డు చూపాలి, ఊళ్లో తండ్రి ఫోను నంబరు ఇవ్వాలి. ఏడాదికి లక్ష దాటిన అద్దెకు పన్ను మినహాయింపు అడగాలంటే ఓనరు పాన్ నంబరు కావాలి. అది అడిగి చూడండి. అంతవరకూ అద్దెవాడి మూడు తరాల చరిత్ర తెలుసుకున్న పెద్దమనిషి ఒక్కసారిగా వ్యక్తిగత గోప్యత గురించి మాట్లాడతాడు. మా మామగారు పాన్ ఇస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి. అంకెలు దాచడం ఆయనకు చేతకాదు.

మళ్లీ బోడుప్పల్‌కు. బోర్డు కట్టిన రెండు వారాలకు ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు, బోర్డు కింద నిలబడేవాళ్లే లేరు. అంతకుముందు వచ్చిన రెండు కుటుంబాల్లో ఒకరికి నాయనమ్మ ఉందని ఆయన జంకారు, ఇంకొకరికి కారు పెట్టుకునే చోటు చాలలేదు. ఒకరోజు భోజనాల దగ్గర నేను ఖాళీగా పోయిన అద్దె లెక్క చెప్పాను. తర్వాత మెల్లగా, మోతీనగర్ సంగతి, ఇరానీ చాయ్ సంగతి మొదటిసారి ఆయనతో చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు.

శ్రావణం మొదటి ఆదివారం పొద్దున చూస్తే గేటు మీద బోర్డు దిగి వరండాలో ఉంది. ఆయన స్పిరిట్ ముంచిన గుడ్డతో కింది వరస తుడుస్తున్నారు. ఆ చోట చిన్న అక్షరాలతో మళ్లీ రాశారు: 'నల్లా నీళ్లు రోజు విడిచి రోజు. రెండు బైకులకు చోటుంది. రాత్రి 11కు గేటు వేస్తాం.' చదివితే మొదటిసారి అది ఇంటి గురించిన బోర్డులా ఉంది.

పది దాటాక ఫోను మోగింది. ఆయన స్పీకరులో పెట్టారు. అవతలి కుర్రవాడు అద్దె అడగలేదు, నీళ్లు అడగలేదు. "సార్, బోర్డు మీద ఏమీ రాయలేదు. మేం ముగ్గురం బ్యాచిలర్స్‌మి. ఇవ్వకపోతే ఇప్పుడే చెప్పండి సార్, రామంతాపూర్ నుంచి వచ్చాక కాదనకండి" అన్నాడు.

మామగారు ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి నా వైపు చూశారు.

"ఇంటి పేరు అడగనా?" అన్నారు.

"అద్దె చెప్పండి మామయ్యా" అన్నాను.